రొయ్యల ల్యాబ్‌లో వాడేసిన ప్లేట్లు, శాంపిళ్లు: గోతిలో పూడ్చొచ్చా, కుక్కర్‌లో పెట్టేయొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. పాలకొల్లు దగ్గర ఎనిమిది నెలల క్రితం చిన్న ఆక్వా ల్యాబ్ పెట్టారు. రోజుకి 15, 20 టీసీబీఎస్ ప్లేట్లు (విబ్రియో అనే బ్యాక్టీరియాని పెంచి చూసే అగర్ జెల్లీ ప్లేట్లు) వేస్తారు, వారానికి మూడు నాలుగుసార్లు పీసీఆర్ (జబ్బు క్రిమి డీఎన్‌ఏకి నకళ్లు తీసి పట్టుకునే పరీక్ష) నడుపుతారు. వాడేసిన ప్లేట్లని బ్లీచింగ్ నీళ్ల బకెట్లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పంచాయతీ ట్రాక్టర్‌కి ఇస్తున్నారు. శాంపిల్ రొయ్యల్ని పెరట్లో గొయ్యి తీసి పూడ్చమని ఒకరు, అన్నీ కలిపి కుక్కర్‌లో ఇరవై నిమిషాలు పెట్టేయమని ఇంకొకరు సలహా ఇచ్చారు. రొయ్య జబ్బులు మనుషులకి రావు కదా, ఇంత టెన్షన్ అవసరమా అని చివర్లో అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. గొయ్యి వద్దు. డ్రెయిన్ అసలే వద్దు. బ్లీచింగ్ బకెట్ ప్లేట్లకి చాలదు. కుక్కర్ గండం గట్టెక్కడానికి పనికొస్తుంది గానీ ఇరవై నిమిషాలు కాదు. ప్లేట్లు, క్రిములు పెంచిన కల్చర్ ట్యూబులు ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) 121 డిగ్రీల దగ్గర గంట సేపు ఉండాలి. ఆ తర్వాత పసుపు కవర్లో కట్టి బయోమెడికల్ వ్యర్థాల ఏజెన్సీ వ్యాన్‌కి ఇవ్వాలి. పీసీఆర్ అయిపోయిన ట్యూబుల్ని మాత్రం ఆటోక్లేవ్ దాకా తీసుకెళ్లకూడదు. డీఎన్‌ఏ తీసే కిట్ ద్రావణాల మీద బ్లీచింగ్ చుక్క కూడా పడకూడదు.

నేను మొదట పదకొండేళ్లు రాజమండ్రి వైపు మనుషుల ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చేశాను. తర్వాత పదేళ్లకి పైగా భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లోనే ఉన్నాను. కింద రాసినవన్నీ చేసి నేర్చుకున్నవి. కొన్ని చెడగొట్టి నేర్చుకున్నవి.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. తెల్లమచ్చ వైరస్ మనుషులకి రాదు, నిజమే. రొయ్యని ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి కూడా రాదు. కానీ మీ ప్లేటు మీద పెరిగేది విబ్రియో కదండీ. టీసీబీఎస్ మీద గ్రీన్ కాలనీల్లో (క్రిములు గుంపుగా పెరిగిన చుక్కల్లో) పారాహీమోలిటికస్ అనే విబ్రియో ఉండొచ్చు. రొయ్య పిల్లల్ని చంపే ఈఎంఎస్ అనే జబ్బుకి కారణమయ్యే రకాలు ఇందులోవే. సరిగా ఉడకని రొయ్యలు, పీతలు తిన్న మనుషులకి వాంతులు, విరేచనాలు తెచ్చే రకాలూ ఇందులోవే. వల్నిఫికస్ అనే ఇంకో విబ్రియో కూడా ఎక్కువగా గ్రీన్‌గానే వస్తుంది. అది చేతి మీద గాటులోంచి లోపలికి వెళ్తే ప్రాణం మీదకి తెస్తుంది. కలరా క్రిమి పసుపు కాలనీ పెడుతుంది, ఏ హానీ లేని ఇంకో విబ్రియో కూడా అదే రంగు. ప్లేటు చూసి ఏది ఏదో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. నీళ్లలో పది క్రిములు ఉండటం వేరు, ప్లేటు మీద ఒక్కో కాలనీలో కోట్ల కొద్దీ పెంచి పెట్టడం వేరు. ఆ ప్లేటుని పంచాయతీ ట్రాక్టర్ మీద మనిషి వట్టి చేత్తో తీస్తాడు. ఆ చేతికి పొద్దున్నే రొయ్య కొమ్ము గుచ్చుకుని ఉండొచ్చు కూడా.

ఇక డ్రెయిన్ సంగతి. నేను ఆక్వా వైపు వచ్చిన కొత్తలో మా ల్యాబ్ వెనక గోడని ఆనుకుని మురుగు కాలువ ఉండేది. కోసి చూసిన రొయ్యల్ని మా కుర్రాడు కిటికీలోంచి అందులోకి విసిరేసేవాడు, ఎవరం ఏమనేవాళ్లం కాదు. ఒక సాయంత్రం చేతులు కడుక్కుంటూ చూస్తే గట్టు బురదలో ఒక పీత రొయ్య తలని కలుగులోకి లాక్కుపోతోంది. డొప్ప మీద తెల్లటి చుక్కలు నాకు అక్కణ్ణుంచే కనిపించాయి. మధ్యాహ్నం మేమే పాజిటివ్ రాసిన శాంపిల్ అది. తెల్లమచ్చ వైరస్‌ని పీతలు కూడా మోస్తాయి, చాలాసార్లు తాము చావకుండానే. అదే డ్రెయిన్‌లో రెండు వందల గజాల కింద ఒక చెరువు మోటార్ నీళ్లు తోడుతోంది. ఆ చెరువుకి మా వల్ల జబ్బు వచ్చిందని చెప్పలేను. రాలేదని కూడా చెప్పలేను. మర్నాడు ఆ కిటికీకి మెష్ కొట్టించాను.

డెల్టాలో పారేసింది ఎక్కడికీ పోదు. మీ డ్రెయిన్ ఇంకొకరి చెరువు నీళ్లు. ధవళేశ్వరం నుంచి కాలువలో వచ్చే నీళ్లతోనే మన ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ చెరువు నీళ్లే గతి.

గొయ్యి కూడా ఇందుకే కుదరదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో లోతుగా పూడ్చే పద్ధతి ఉంది, మీకు సలహా ఇచ్చినాయన అదెక్కడో చదివి ఉంటాడు. అయితే అది ఉమ్మడి శుద్ధి కేంద్రం అందుబాటులో లేని మారుమూల పల్లెలకి మాత్రమే. పైగా గొయ్యి రెండు మీటర్ల లోతు ఉండాలి, దాని అడుగు నుంచి భూగర్భ జలం ఇంకో ఆరు మీటర్ల కింద ఉండాలి. వరద వచ్చే నేల కాకూడదు. అంటే ఇరవై ఆరడుగుల దాకా నీరు పడకూడదన్నమాట. కాలువలు పారే రోజుల్లో మీ పెరట్లో గునపం వేసి చూడండి, నాలుగైదు అడుగులకే నీళ్లూరతాయి. ఆ నిబంధనకి సరిపోయే గొయ్యి మన డెల్టాలో నేనైతే ఎక్కడా చూడలేదు. పెరట్లో తగలబెట్టడం కూడా అంతే, వద్దు. ఆ ప్లాస్టిక్ పొగ మీ పిల్లలే పీలుస్తారు. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి కేంద్రం సేవ దొరుకుతుంటే సొంతంగా ఆఖరి శుద్ధి, దహనం ఏర్పాట్లు పెట్టుకోవడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. ఏజెన్సీకి ఇచ్చే ముందు ల్యాబ్‌లోనే ఆటోక్లేవ్ చేయడం వేరు, అది ఇందులోకి రాదు.

ఆటోక్లేవ్ గురించి కాస్త ఎక్కువే రాయాలి. చిన్న ఆక్వా ల్యాబుల్లో ఆటోక్లేవ్ లేకపోవడానికి ఒక తమాషా కారణం ఉంది. టీసీబీఎస్ మీడియాని (ప్లేట్లలో పోసే జెల్లీని) ఆటోక్లేవ్ చేయకూడదు, మరగబెట్టి పోసుకోవడమే. దాంతో మీడియాకే అక్కర్లేనప్పుడు అంత డబ్బు ఎందుకు పెట్టాలి అనుకుంటారు. లోపలికి వచ్చేదానికి అక్కర్లేదు సరే, బయటికి పోయేదానికి కావాలి కదా.

ఉన్న ల్యాబుల్లోనూ అది సరిగా పనిచేస్తుందని అనుకోకండి. ఒకసారి నిలువు ఆటోక్లేవ్‌లో అరవై ప్లేట్లు ఒకే కవర్లో కుక్కి, మూతి గట్టిగా ముడేసి, ఇరవై నిమిషాలు నడిపారు. కవర్ మీద అంటించిన, వేడికి రంగు మారే టేపు గీతలు నల్లబడ్డాయి, అంతా బాగుందనుకున్నారు. నాకెందుకో అనుమానం వచ్చి కవర్ కోశాను. అంచుల్లో ఉన్న ప్లేట్లు వంకర్లు పోయి, అగర్ కరిగి ముద్దయింది. నడిమధ్య దొంతరలో మూడు ప్లేట్లు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూత తీస్తే గ్రీన్ కాలనీలు బొట్టుబిళ్లల్లా మెరుస్తున్నాయి. అగర్ కరగడానికి 85 డిగ్రీలు దాటాలి. అది కరగలేదంటే అక్కడ 121 సంగతి అటుంచండి, అంత వేడి కూడా చేరలేదు. గేజ్ చూపించేది ఖాళీ చోట ఉన్న ఆవిరి వేడిని. కవర్ నడుమ ఏం జరుగుతోందో దానికి తెలీదు.

ఆ రోజు నుంచి నేను పాటించేవి చెప్తాను. కవర్ మూడింట రెండొంతులకి మించి నింపను. మూతి బిగించను, ఆవిరి దూరేలా వదులుగా ఉంచుతాను. లోపల ఒక గ్లాసు నీళ్లు పోస్తాను, అవే లోపల ఆవిరై చోటుచోటుకీ వెళ్తాయి. కవర్‌ని అంచులున్న స్టీలు బకెట్లో పెడతాను, లేకపోతే కరిగిన అగర్ ఆటోక్లేవ్ అడుగున గడ్డకడుతుంది. (దాన్ని వేడి మీద సింకులో పోసినా అంతే. పైపులో బిగుసుకుని, ప్లంబర్ వచ్చి మనల్ని తిట్టిపోతాడు.) స్విచ్ వేశాక లోపలి గాలంతా పోయి ఆవిరి ధారగా వచ్చేదాకా వాల్వ్ మూయను. టైము లెక్క స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, 121 డిగ్రీలు, 15 పీఎస్‌ఐ ఆవిరి ఒత్తిడి చేరినప్పటి నుంచి. వ్యర్థాలకి, గాలిని ఆవిరే తోసే మామూలు ఆటోక్లేవ్‌లో, నిబంధన గంట. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి లెక్క. నలభై నిమిషాలు అయిపోయింది కదా అని మిగిలిన ఇరవై కలపడం కుదరదు.

టేపు నల్లబడటం వేడి తగిలిందనడానికి గుర్తు, క్రిములు చచ్చాయనడానికి కాదు. అందుకని ఇండికేటర్ స్ట్రిప్ ఒకటి కవర్ నడిమధ్య పెట్టండి. అప్పుడప్పుడు స్పోర్ పరీక్ష కూడా చేయండి. జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే వేడికి మొండికేసే క్రిమి స్పోర్లు ఉన్న వయల్స్ దొరుకుతాయి. లోడు మధ్యలో పెట్టి నడిపి, తర్వాత ఇంక్యుబేట్ చేయాలి. అవి చస్తే మిగతావన్నీ చచ్చినట్టే.

కుక్కర్ అన్నారు. మన ఇళ్లలో కుక్కర్ వెయిట్ దాదాపు 15 పీఎస్‌ఐ దగ్గరే లేస్తుంది, అంటే లోపల 120 డిగ్రీల చుట్టుపక్కల. సూత్రం రెండింటికీ ఒకటే. ఆటోక్లేవ్ రిపేరుకి పోయినప్పుడు ఐదారు ప్లేట్లకి నేనూ వాడాను. అడుగున స్టాండు, రెండంగుళాలకి మించి నీళ్లు, వెయిట్ పెట్టకుండా పది నిమిషాలు ఆవిరి బాగా వదలాలి. అప్పుడు వెయిట్ పెట్టి, సన్న సెగ మీద గంట. నీళ్లు ఇగిరిపోకుండా దగ్గర మనిషి ఉండాలి. గేజ్ లేదు, రికార్డు లేదు కాబట్టి దీన్నే రోజువారీ పద్ధతి చేసుకోవద్దు. ఆ కుక్కర్ మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు, ఎంత తోమినా సరే.

మీరు పెట్టిన బకెట్ ఫోటో చూశాను. ప్లేట్లు మూతలతోనే తేలుతున్నాయి. లోపలికి నీళ్లు కూడా వెళ్లలేదు, ఇక క్లోరిన్ ఎక్కడ? మూతలు తీసి ముంచినా లాభం తక్కువ. అగర్, పెప్టోన్ లాంటి సేంద్రియ పదార్థం క్లోరిన్‌ని తినేస్తుంది, కాలనీ అడుగున ఉన్నవి బతికిపోతాయి. ఇంకో మాట: బ్లీచింగ్‌లో నానినవాటిని తీసుకెళ్లి ఆటోక్లేవ్‌లో పెట్టకండి. క్లోరిన్ వాయువు ఊపిరితిత్తుల్నీ ఆటోక్లేవ్‌నీ రెండింటినీ తినేస్తుంది.

బ్లీచింగ్ పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. రైతు తెచ్చిన కవర్లో నీళ్లు, కోసిన ట్రే, బల్ల. శాంపిల్ నీళ్లకి నేను వాడే లెక్క: 20 లీటర్ల బకెట్‌కి 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 65 గ్రాములు. అంటే సుమారు 0.1 శాతం. రాత్రంతా ఉంచి, పొద్దున్న క్లోరిన్‌ని థయోతో (సోడియం థయోసల్ఫేట్‌తో) విరగ్గొట్టి, అప్పుడు వదలండి. బల్లలకి, ట్రేలకి 1 శాతం హైపోక్లోరైట్. సీసా 5 శాతానిదైతే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు, అరగంట తడిగా ఉండాలి. ఏ రోజుకారోజు కలుపుకోండి. మన ఎండకి, ఉక్కకి అది త్వరగా చచ్చుబడిపోతుంది.

ఇక్కడ ఒక పేరు గొడవ చెప్పాలి. ఆసుపత్రి వాళ్లు హైపో అంటే సోడియం హైపోక్లోరైట్. ఆక్వా మందుల షాపులో హైపో అంటే సోడియం థయోసల్ఫేట్, అంటే క్లోరిన్‌ని విరగ్గొట్టేది. ఒకటి మందైతే ఇంకొకటి దానికి విరుగుడు! ఆసుపత్రి అలవాటు కొద్దీ నేను కుర్రాణ్ణి హైపో తెమ్మన్నాను. వాడు షాపుకెళ్లి పటికబెల్లం పలుకుల్లాంటివి కేజీ తెచ్చి, నీళ్లలో కలిపి పిపెట్ల జాడీలో పోశాడు. మూడు రోజులు ఆ నీళ్లలోనే వేశాం. వాసన రావట్లేదేంటని నాలుగో రోజు గానీ నాకు తట్టలేదు. వాడి తప్పేం లేదు, షాపు భాషలో వాడు తెచ్చింది సరైనదే. అప్పటి నుంచి మా ల్యాబ్‌లో హైపో అనే మాట నిషేధం. పూర్తి పేరు పలకాలి, డబ్బా మీద తెలుగులో రాయాలి.

పీసీఆర్ వ్యర్థాలు ఇంకో లోకం. అయిపోయిన ట్యూబులో క్రిమి ఉండదు, దాని డీఎన్‌ఏ ముక్క కోట్ల కోట్ల నకళ్లు ఉంటాయి. అది ఎవరికీ జబ్బు చేయదు గానీ మీ ల్యాబ్‌ని నాశనం చేస్తుంది. ఒక చోట కొత్తగా చేరినమ్మాయి మంచిదనుకుని ఆ ట్యూబుల్ని కూడా ప్లేట్లతో కలిపి ఆటోక్లేవ్ చేసింది. మూతలు ఎగిరిపోయాయి, ఆవిరితో నకళ్లు గదంతా పరుచుకున్నాయి. రెండు వారాల పాటు ఏ శాంపిల్ పెట్టినా తెల్లమచ్చ బ్యాండు, అంటే పాజిటివ్. మొదటి రెండు రోజులు హడావుడిలో నెగటివ్ కంట్రోల్ (వైరస్ లేదని ముందే తెలిసిన ట్యూబు) పెట్టలేదు, అది నా తప్పు. ఆ రెండు రోజుల్లో ఇచ్చిన రిపోర్టు చూసి ఒక రైతు నలభై ఐదు రోజుల పంట పట్టేశాడు. రొయ్య ఇంకా చెంచాడంత లేదు. తర్వాత ఆయనకి విషయం చెప్పడానికి చెరువు గట్టు మీదకి వెళ్లిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని ఆ ట్యూబుల మూత తెరవకండి. జిప్ కవర్లో వేసి, ఆ కవర్‌ని ఇంకో జిప్ కవర్లో వేసి, నేరుగా పసుపు సంచిలోకి. పీసీఆర్ ఫలితం చూసే జెల్ గదిలోనే కట్టేసి బయటికి పంపాలి, మళ్లీ డీఎన్‌ఏ తీసే గదిలోకి రాకూడదు.

డీఎన్‌ఏ తీసే కిట్లలో లైసిస్ బఫర్ అని ఉంటుంది, చాలావాటిలో గ్వానిడీన్ థయోసయనేట్ కలిసి ఉంటుంది. దాని మీద బ్లీచింగ్ పడితే సైనైడ్ జాతి విషవాయువులు పుడతాయి. ఒలికితే ముందు నీళ్లతో, సబ్బుతో తుడవండి. ప్రతిదాని మీదా బ్లీచింగ్ చల్లే అలవాటు మన చెరువుల దగ్గర నుంచి ల్యాబ్‌లోకి వచ్చింది, ఇక్కడ అది ప్రమాదం. ఫార్మలిన్ కూడా అంతే, యాసిడ్ టాయిలెట్ క్లీనర్ కూడా అంతే, బ్లీచింగ్‌తో కలపొద్దు. ఎథీడియం బ్రోమైడ్ (డీఎన్‌ఏ కనిపించడానికి వేసే రంగు) కలిపిన జెల్‌ని వేడి చేయడం, బ్లీచింగ్ పోయడం రెండూ వద్దు. వీటన్నిటికీ వేరే సీసాలు, వేరే డబ్బాలు, పేరు, తేదీ రాసి రసాయన వ్యర్థంగా ఏజెన్సీకి. వీలైతే ఎథీడియం మానేసి సురక్షితమైన రంగుకి మారండి.

శాంపిల్ రొయ్యల్ని ఆటోక్లేవ్ చేయొచ్చు, కానీ ఒక్కసారి చేస్తే మీకే తెలుస్తుంది. రొయ్యల ఇగురు మాడి, రెండు రోజులు మూత పెట్టి మర్చిపోయినట్టు వీధంతా వాసన. ఇంటి ఓనరు మర్నాడే ఖాళీ చేయమంటాడు. నేను కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, వ్యాన్ వచ్చిన రోజు పసుపు సంచిలో ఇచ్చేస్తాను. ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతాయిలే అనుకోవద్దు. ఈహెచ్‌పీ స్పోర్లు గడ్డకడితే చస్తాయి గానీ తెల్లమచ్చ వైరస్ హాయిగా నిద్రపోతుంది. శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకి మించి ఉంచకూడదన్నది నిబంధన. బ్లేడ్లు, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, పగిలిన స్లైడ్లు, గాజు నీలం డబ్బాలోకి, క్రిమి తగిలిన టిప్పులు, గ్లౌజులు ఎరుపులోకి. ఇవి మీకు తెలిసినవే.

మాది రొయ్యల ల్యాబ్, ఆసుపత్రి రూల్స్ మాకెందుకు అంటారా? ఆ నిబంధనల్లో బయోమెడికల్ వ్యర్థం అంటే మనుషులకో జంతువులకో రోగ నిర్ధారణ, చికిత్స చేసేటప్పుడు వచ్చేది అని ఉంది. రొయ్య కూడా జంతువే. కాలుష్య నియంత్రణ మండలికి ఫారం 2లో అప్లికేషన్ పెట్టండి. మంచాలు లేని సంస్థలకి అనుమతి ఒక్కసారి తీసుకుంటే చాలు. సంచుల మీద బార్ కోడ్, రోజువారీ రిజిస్టరు, ఏటా జూన్ 30 లోపు వార్షిక నివేదిక, అంతే.

చిన్న ల్యాబ్ కోసం వ్యాన్ లోపలి రోడ్డు దాకా రానంటుంది, అది నిజమైన ఇబ్బందే. మేం చేసింది ఏంటంటే, ఒకే దారిలో ఉన్న నాలుగు ల్యాబులు, ఒక పశువుల క్లినిక్ కలిసి ఏజెన్సీతో మాట్లాడాం. ఎవరి ఒప్పందం వాళ్లదే, ఎవరి బార్ కోడ్ వాళ్లదే, కానీ వ్యాన్‌కి ఒక ట్రిప్పు గిట్టుబాటు అయింది. ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తోంది.

పండగలకి మాత్రం రాదు. సంక్రాంతికి మూడు రోజులూ డ్రైవర్ పందేల దగ్గరే ఉంటాడు. అందుకని భోగి ముందు రోజు ప్లేట్లు వేస్తే భోగి పొద్దున్నే చదివి, మధ్యాహ్నం లోపు ఆటోక్లేవ్ చేసి, కట్టి, తాళం వేసి వెళ్లండి. శుద్ధి అయిపోయినవి రెండు మూడు రోజులు ఆగినా ఫర్వాలేదు. మేం ఒక ఏడాది ఇంక్యుబేటర్ ఆపకుండా, లోపల పన్నెండు ప్లేట్లు మర్చిపోయి ఊరెళ్లాం. ముక్కనుమ మర్నాడు తలుపు తీసినప్పుడు వచ్చిన వాసన గురించి ఇక్కడ రాయను.